మందు అయిపోయాక మిగిలిన పూత

1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ అనే వైద్యుడు ఓ రోగి గుండె రక్తనాళంలోకి చిన్న బెలూన్ పంపి, పూడుకుపోయిన చోట దాన్ని ఉబ్బించాడు. దారి తెరుచుకుంది. కానీ అలా తెరిచిన నాళాల్లో చాలా వాటికి కొద్ది నెలల్లోనే మళ్లీ పూడిక వచ్చేది. 1986లో తులూజ్‌లో జాక్ ప్యుయెల్, లొజాన్‌లో ఉల్రిచ్ సిగ్వార్ట్ లోహపు జాలీగొట్టాన్ని నాళంలో నిలబెట్టారు. అదే స్టెంట్. నాళం ముడుచుకోకుండా అది అడ్డుపడింది గానీ, లోపలి గాయం మానే క్రమంలో కణజాలం అతిగా పెరిగి కొందరికి జాలీ మధ్యలోనే దారి మూసుకుపోయేది.

ఆ పెరుగుదలకు పగ్గం వేసే మందు ఈస్టర్ దీవి మట్టిలో దొరికింది. 1964లో కెనడా బృందం తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి మాంట్రియల్‌లో సురేన్ సెహగల్ బృందం రాపమైసిన్‌ను వేరుచేసింది. మార్చిన కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వాడే ఈ మందు, కణాలు పెరిగిపోకుండా కూడా ఆపుతుంది.

ఇక మిగిలింది దాన్ని లోహం మీద నిలబెట్టడం, వారాల తరబడి కొంచెం కొంచెంగా వదిలేలా చూడటం. అందుకు మందును ప్లాస్టిక్ జాతి పాలిమర్లలో కలిపి స్టెంట్‌కు పూత పూశారు. 1999 డిసెంబరులో సావ్ పాలోలో ఎడ్వార్డో సౌజా అలాంటి స్టెంట్‌ను తొలిసారి మనిషికి వేశాడు. 2002లో ప్రచురితమైన రావెల్ అధ్యయనంలో, ఈ స్టెంట్ వేయించుకున్న వారిలో ఆర్నెల్ల తర్వాత ఒక్కరికీ మళ్లీ పూడిక కనబడలేదు. మరుసటి ఏడాదే సైఫర్ పేరుతో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఈ కథకు ఆయువుపట్టు ఇక్కడే ఉంది. సైఫర్‌లోని మందు సుమారు మూడు నెలల్లో అయిపోతుంది. పాలిమర్ కరగదు, జీవితాంతం నాళం గోడకు ఆనుకునే ఉంటుంది. 2004లో పాథాలజిస్టు రేణు విర్మాణి బృందం ఒక మరణాన్ని వివరించింది. స్టెంట్ వేసిన 18 నెలలకు అందులో రక్తం గడ్డకట్టి రోగి చనిపోయాడు. శవపరీక్షలో నాళం గోడ వాచి, స్టెంట్ చుట్టూ అలర్జీల్లో కనిపించే ఇయోసినోఫిల్ కణాలు పేరుకుని ఉన్నాయి. మందు ఎప్పుడో అయిపోయింది కాబట్టి అనుమానం పూత మీదికే వెళ్లింది.

2006లో బార్సిలోనాలో జరిగిన యూరోపియన్ కార్డియాలజీ మహాసభ ఈ భయాన్ని ప్రపంచమంతా పాకించింది. ఏడాది దాటాక గడ్డకట్టే ముప్పు శాతాల్లో చిన్నదే. కానీ గడ్డకడితే అది గుండెపోటే, తరచూ ప్రాణాంతకం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందనడం మాత్రం అన్యాయం. ఆ స్టెంట్లు ఎందరికో రెండో ఆపరేషన్ తప్పించాయి. ఆ ఏడాది తర్వాతే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కనీసం ఏడాది వాడాలన్న సలహా గట్టిపడింది. మనవాళ్లు ‘రక్తం పలచబడే మాత్రలు’ అనేవి ఇవే. పన్ను పీకించుకోవాలనో, ఖర్చనో డాక్టరును అడక్కుండా వాటిని ఆపేసేవాళ్లను చూస్తే నాకు గుండె జారిపోతుంది.

తర్వాత పూతే మారింది. లోహం తీగలు సన్నబడ్డాయి, రక్తానికి మరింత సరిపడే పాలిమర్లు వచ్చాయి. కొన్నింటిలో పూత నాళం గోడవైపే ఉండి, నెలల్లో కరిగిపోతుంది. అసలు పాలిమరే లేకుండా మందును నేరుగా లోహానికి పట్టించినవీ ఉన్నాయి. రక్తస్రావం ముప్పు ఎక్కువున్న 2,466 మందిపై జరిగి 2015లో వెలువడిన లీడర్స్ ఫ్రీ అధ్యయనంలో, అలాంటి స్టెంట్ వేసి రెండు మాత్రలూ ఒక్క నెలే కలిపి ఇచ్చారు. ఫలితాలు మందులేని మామూలు స్టెంట్ కంటే మెరుగ్గా వచ్చాయి.