సెలవులలో అగ్నిపర్వతములకు వెళ్లిన ఆచార్యుడు

సిసిలీకి ఉత్తరముగా, టిర్రేనియన్ సముద్రములో ఏడు చిన్న ద్వీపములు కలవు. వీనిని అయోలియన్ ద్వీపములందురు. లిపారి, సలీనా, వుల్కానో, స్ట్రాంబోలి, పనారియా, ఫిలికూడి, అలికూడి అని వీని పేర్లు. ఇవన్నియు సముద్రగర్భమునుండి పైకి లేచిన అగ్నిపర్వతముల శిఖరములే. స్ట్రాంబోలి శిఖరము సముద్రమట్టమునకు 924 మీటర్ల ఎత్తున ఉన్నది. నీటిలో మునిగిన భాగము సుమారు అంతకు రెట్టింపు. రాత్రివేళ దాని నెత్తిపై మెరయు ఎఱ్ఱని వెలుగును చూచి నావికులు దానిని మధ్యధరా సముద్రపు దీపస్తంభమనిరి. వుల్కానో రోమనుల అగ్నిదేవుని కమ్మరికొలిమి అని పూర్వులు నమ్మిరి. ఇంగ్లీషులో అగ్నిపర్వతమును వాల్కేనో అనుటకు ఈ పేరే మూలము.

1788లో ఈ ద్వీపములకు ఒక ఇటాలియన్ ఆచార్యుడు వచ్చెను. ఆయన పేరు లాజరో స్పల్లాంజాని. బాగుగా మరగించి, గాలి చొరకుండ మూసిన రసములో సూక్ష్మజీవులు వాటంతట అవి పుట్టవని ప్రయోగముల ద్వారా చూపిన శాస్త్రజ్ఞుడు ఈయనయే. పావియా విశ్వవిద్యాలయములో ప్రకృతిశాస్త్రము బోధించుచు, అక్కడి ప్రదర్శనశాలను కూడ ఆయనయే చూచుచుండెను. ఆ శాలలో అగ్నిపర్వత శిలలు కొరతగా ఉండెను. అప్పటికి ఆయనకు 59 ఏండ్లు. అయినను, సెలవులు రాగానే విశ్రాంతి కోరక దక్షిణమునకు బయలుదేరెను.

ఆయన కోరినది రాళ్లు మాత్రమే కాదు. అగ్నిపర్వతము ఎందువలన మండును? ఆనాడు ఇది పెద్ద వివాదము. జర్మనీలో వెర్నర్ అను పండితుడు, భూమిలోని బొగ్గు పొరలు అంటుకొనుటయే దీనికి కారణమని బోధించుచుండెను. ఆయన మతమున బసాల్టు శిల కూడ నీటినుండి పేరుకొన్నదే. ఈ వాదము తీరుటకు ఎవరైనను దగ్గరకు పోయి చూడవలెను.

స్పల్లాంజాని స్ట్రాంబోలిని ఎక్కి, బిలమునకు సమీపమున చాటు చూచుకొని నిలిచెను. క్రింద కరగిన రాయి పైకి పొంగుచు, మరల దిగుచు ఉండెను. పొంగినప్పుడు దాని ఉపరితలము బుడగవలె ఉబ్బి, ఉరుమువంటి ధ్వనితో పగులుచుండెను. వెంటనే రాళ్లు ఆకాశమునకు ఎగురుచుండెను. పేలుడునకు కారణము కరగిన రాతిలోనున్న వాయువేనని ఆయనకు తోచెను. వుల్కానోలో వేడి నేలను, గంధకపు పొగలను లెక్కచేయక బిలములోనికే దిగెను. తెచ్చిన రాళ్లను గాజు కొలిమిలో పెట్టి మరల కరగించి చూచెను. ఈ వివరములు 1792 మొదలుకొని సంపుటములుగా అచ్చయినవి.

ఆ వాయువు ఏదియో పూర్తిగా తేల్చుటకు ఆనాటి రసాయనశాస్త్రము చాలలేదు. నేడు మనకు తెలిసిన సంగతి ఇది: భూగర్భములోని శిలాద్రవములో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడు, సల్ఫర్ డయాక్సైడు ఒత్తిడివలన కరగి ఉండును. ద్రవము పైకి వచ్చిన కొలది ఒత్తిడి తగ్గును. వాయువు బుడగలుగా విడిపోవును. గోళీసోడాలో గోళీని నొక్కగానే జరుగునది ఇదియే. చిన్న బుడగలు కలిసి పెద్దవై, బిలమునొద్ద పగులును. ఇట్టి పేలుళ్లను నేటికిని శాస్త్రజ్ఞులు స్ట్రాంబోలి తరహా అని పిలుతురు. మన అండమాను సముద్రములోని బారెన్ దీవిలో కూడ ఇట్టివి కనబడినవి.

అయితే స్పల్లాంజాని చేసిన సాహసము నేడు అనుకరింపదగినది కాదు. 2019 జులై 3న స్ట్రాంబోలిలో అకస్మాత్తుగా పెద్ద పేలుడు జరిగి ఒక యాత్రికుడు మరణించెను. ఇప్పుడు పరికరములు పర్వతపు కదలికలను రేయింబవళ్లు కనిపెట్టుచున్నవి. ఎంత ఎత్తువరకు పోవచ్చునో అధికారులు నిర్ణయింతురు.

ఉపాధ్యాయులు ఈ సంగతిని తరగతిలోనే చూపవచ్చును. మడమలు రుద్దుకొను సహజమైన నురుగురాయిని నీటిలో వేయుడు. రాయి అయియు అది తేలును. లిపారి ఇట్టి రాతికి ప్రసిద్ధి. పగులగొట్టి చూచినచో లోపల లెక్కలేనన్ని చిన్న రంధ్రములు కనబడును. స్పల్లాంజాని వెదకిన వాయువు విడిచిపోయిన గుర్తులు అవియే.