మన ఆర్కెస్ట్రా బేస్ యాంప్లిఫయరు – కొంత చరిత్ర, కొంత మరమ్మతు

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం కావాలని మన సంఘం కార్యదర్శి అడిగారు. బడి పుట్టుపూర్వోత్తరాలు రాయడానికి నాకంటే పెద్దలున్నారు. నేను రాయగలిగింది ఒక పెట్టె చరిత్ర. సైన్సు ల్యాబు వెనక గదిలో, విరిగిన గ్లోబు పక్కన ఉన్న బేస్ గిటారు యాంప్లిఫయరు అది. 1987లో మన సీనియర్లు నాటకం టిక్కెట్ల డబ్బుతో మద్రాసు నుంచి సెకండ్ హ్యాండులో కొని తెచ్చారు. ఇళయరాజా పాటల్లో బేస్ గిటారు నడకలు విన్న కుర్రాళ్లు తబలా, హార్మోనియంతో సరిపెట్టుకోలేని రోజులవి. కొన్నేళ్లు మోగింది, తరవాత మూగబోయింది. స్టాకు రిజిస్టరులో దాని ఎదురుగా ఎర్ర సిరాతో ‘పనిచేయదు’ అని రాసి ఉంది. ఈ వేసవిలో పాత ఇనుముతో పాటు తూకానికి వేసే జాబితాలోకి అదీ చేరింది. నాలుగు రోజులు గడువు అడిగాను.

మామూలు గిటారుకు బోలు పొట్ట ఉంటుంది, కరెంటు లేకపోయినా మోగుతుంది. బేస్ గిటారుది గట్టి చెక్క. యాంప్లిఫయరు లేకపోతే పక్కన కూర్చున్నవాడికి కూడా సరిగా వినబడదు. దాని అతి మంద్రమైన తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. అంత కింది స్వరం హాలంతా వినబడాలంటే చాలా గాలిని కదపాలి. అందుకు పెద్ద స్పీకరు, ఎక్కువ పవరు కావాలి.

అంతకుముందు అమెరికాలో బ్యాండులవాళ్లు వాయించింది మనిషి ఎత్తుండే నిలువు బేస్. ట్రంపెట్ల హోరులో దాని గొంతు మునిగిపోయేది. 1940లలో ఎవరెట్ హల్ అనే బేస్ వాద్యకారుడు దాని కింది మేకులోనే మైకు అమర్చాడు. ‘యాంప్లిఫైడ్ పెగ్’ అన్న ఆ మాటల నుంచే యాంపెగ్ కంపెనీ పేరు పుట్టింది. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. మరుసటి ఏడాది దానికి జోడీగా 15 అంగుళాల స్పీకరుతో బేస్‌మ్యాన్ అనే యాంప్లిఫయరు వచ్చింది.

ఈ ఫెండర్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. చదివింది అకౌంట్లు. కాలిఫోర్నియాలోని ఫులర్టన్‌లో రేడియో రిపేరు దుకాణం నడిపాడు. గిటారు వాయించడం ఆయనకు చివరిదాకా రాదు! కానీ చెడిపోయిన సామాను విప్పి విప్పి, ఏది ముందు పోతుందో చేతులకు తెలుసు. అందుకే ఆయన యాంప్లిఫయర్లు వెనక పలక తీస్తే తెరుచుకుంటాయి. ఏ వాల్వు ఎక్కడ ఉండాలో చూపే కాగితం లోపలే అంటించి ఉంటుంది. రిపేరు చేసేవాడు ఇంకో రిపేరు చేసేవాడికి రాసిన ఉత్తరం అది. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణం వాళ్లు తమ మొదటి యాంప్లిఫయరుకు ఆ బేస్‌మ్యాన్ సర్క్యూట్‌నే ఆధారం చేసుకున్నారు. బేస్ కోసం పుట్టిన పెట్టెను గిటారువాళ్లు ఎగరేసుకుపోయారు, అది వేరే కథ.

1947లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ట్రాన్సిస్టరు నెమ్మదిగా వాల్వుల చోటు ఆక్రమించింది. బరువు తగ్గింది, వేడి తగ్గింది. ఒకటి మాత్రం పోయింది. వాల్వు వెలుగుతోందో లేదో తొంగి చూస్తే తెలిసేది. ట్రాన్సిస్టరు బతికున్నా చచ్చినా ఒకేలా కనిపిస్తుంది. మన పెట్టె ఆ రెండో తరానిది. మద్రాసులో ఎవరో కూర్చినది, ముందు పలక మీద కంపెనీ పేరు కూడా లేదు.

విప్పగానే ఫ్యూజు చోట సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం కనిపించింది. బడిలోకి సిగరెట్టు పెట్టె ఎలా వచ్చిందని అడగదలచుకోలేదు. ఆ బ్యాచ్ వాళ్లు కూడా ఈ సంచిక చదువుతారు. కాగితం తీసేసి సరైన ఫ్యూజు వేశాను. ఏళ్ల తరబడి పడి ఉన్న పెట్టెను నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు కనక, మైకు సెట్టు దుకాణాల పద్ధతిలో 100 వాట్ల బల్బును సీరీస్‌లో కలిపి కరెంటు ఇచ్చాను. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటుంది. మనది ఒకసారి మెరిసి మసకబారింది. అంటే ట్రాన్స్‌ఫార్మరు గానీ, పెద్ద ట్రాన్సిస్టర్లు గానీ కాలిపోలేదు.

స్పీకరు వైర్లు విడదీసి టార్చిలైటు బ్యాటరీ తాకిస్తే ‘టప్’ అని కోను కదిలింది. మీటరు ఆరున్నర ఓములు చూపింది, 8 ఓముల స్పీకరుకు అది సరైనదే. సప్లై వోల్టేజీ ప్లస్ 38, మైనస్ 38, రెండు వైపులా సమానం. స్పీకరుకు వెళ్లేచోట డీసీ కొద్ది మిల్లీవోల్టులే. అక్కడ పదుల వోల్టులుంటే స్పీకరు కలిపిన క్షణంలో కాయిలు మాడిపోతుంది, అందుకే ముందు అది చూడాలి. అన్నీ బాగున్నాయి, పెట్టె మాత్రం మూగ. గిటారు వైరు గుచ్చి కొసను వేలితో తాకినా ‘బుర్ర్’మనదు.

మన ఫిజిక్సు మాస్టారు, రిటైరై చాలా ఏళ్లయింది, స్టూలు మీద కూర్చుని చూస్తున్నారు. “వరస పెట్టి ఎందుకురా? మధ్యలో తెంచి చూడు. ఏ సగంలో ఉందో తేలుతుంది” అన్నారు.

“అలాగే సార్” అన్నాను. ఇన్నేళ్లయినా వేరే జవాబు నోటికి రాదు.

వెనక పలక మీద రెండు రంధ్రాలున్నాయి: సెండ్, రిటర్న్. ముందు సగం నుంచి సిగ్నలు సెండ్‌లో బయటికి తీసి, మధ్యలో ఎఫెక్టు పెట్టె ఏదైనా ఉంటే తిప్పి, రిటర్న్‌లో వెనక సగానికి ఇవ్వడానికి. రిటర్న్‌లో వైరు గుచ్చి కొస తాకాను. గది అదిరింది. వెనక సగం బతికే ఉంది. గిటారు తగిలించి, సెండ్ నుంచి వైరు తీసి బడి మైకు సెట్టుకు కలిపాను. అందులోంచి గిటారు వినిపించింది. ముందు సగమూ బతికే ఉంది!

రెండూ బతికి ఉండి మధ్యలో మాట లేదంటే, తప్పు ఆ రంధ్రంలోనే. ఏమీ గుచ్చనప్పుడు సిగ్నలు సెండ్ నుంచి రిటర్న్‌కు దాటడానికి జాక్ లోపల చిన్న రేకు ఒకటి ఇంకో రేకును ఆనుకుని ఉంటుంది. మన ఆర్కెస్ట్రాకు ఎఫెక్టు పెట్టె కొనే స్తోమత ఎప్పుడూ లేదు. అందులో ఎవరూ ఏదీ గుచ్చలేదు, రేకులు కదలలేదు. ఏళ్ల చెమ్మకు వాటి మధ్య పొర కట్టింది. కాంటాక్ట్ క్లీనరు కొట్టి ఓ ఇరవైసార్లు ప్లగ్గు గుచ్చి తీస్తే పెట్టె పలికింది. అయినా నమ్మకం చాలక, హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలో కొత్త జాక్ కొని వేశాను. రెండు టీల ఖరీదు. మాస్టారు ఒక్కో తీగా మీటమని, చేయి కోను ముందు పెట్టి గాలి చూసి, స్టాకు రిజిస్టరు తెప్పించమన్నారు.

పెట్టె లోపలి చెక్కకు ఫెండర్ మాదిరిగా ఒక కాగితం అంటించాను. సప్లై ఎంత, ఫ్యూజు ఎన్ని ఆంపియర్లు, స్పీకరు ఎన్ని ఓములు, జాక్ ఎప్పుడు మార్చినది అన్నీ అందులో ఉన్నాయి. వేడుక సాయంత్రం 1988 బ్యాచ్ వాళ్లు దీని మీదే వాయిస్తారు. మళ్లీ ఎప్పుడైనా మూగబోతే, పలక విప్పకముందే సెండ్‌కూ రిటర్న్‌కూ మధ్య ఒక చిన్న వైరు గుచ్చి చూడండి. ఆ వైరు కూడా పెట్టె వెనకే కట్టి ఉంచాను.