పాతబస్తీ ప్రాథమిక బడి: పెద్దను తయారుచేసుకున్న తీరు

గౌలిపుర, లాల్‌దర్వాజ, ఉప్పుగూడల నడుమ ఉన్న ఛత్రినాక వంటి పాతబస్తీ పేటలలో ప్రాథమిక పాఠశాలను నడిపే పెద్ద ఆ పనిని ఎక్కడ, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో తెలుసుకోవాలంటే, విద్యాశాఖ పుట్టకముందు తెలుగు నేలలో నడిచిన వీధిబడి దగ్గర, అంటే ఒకే పంతులు ఇంటి అరుగు మీదనో గుడి మంటపంలోనో చదువు చెప్పిన బడి దగ్గర, మొదలుపెట్టవలసి ఉంటుంది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న దత్తమండలాలలోని బళ్ళారి జిల్లా గురించి కలెక్టర్ కాంబెల్ 1823లో పంపిన నివేదిక అటువంటి 533 బడులను లెక్కించింది. వాటిలో 226 తెలుగు బడులు. చదువులో ముందున్న పిల్లలే వెనుకనున్నవారికి అక్షరాలు దిద్దించి పాఠం అప్పగించుకునే అక్కడి పద్ధతిని కాంబెల్ మెచ్చుకొని, ఇంగ్లండు దానిని అనుకరించడం తగిన పనేనని రాశాడు. ఈ ఏర్పాటులోని అసలు గొప్పతనం, పదిమందిని నడపడమనే విద్య చదువులో భాగంగానే, పదవితో పనిలేకుండా అబ్బడంలో ఉంది.

నిజాం రాజ్యంలో విద్యాశాఖ మరో దారి పట్టింది. మొదటి సాలార్‌జంగ్ దివానుగిరీలో వెలసిన దారుల్ ఉలూం మొదలుకొని, రాస్ మసూద్ నాజిం తాలీమాత్‌గా, అనగా విద్యాశాఖాధిపతిగా, ఉన్నప్పుడు 1918లో ఉర్దూ మాధ్యమంతో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వరకు, రాజ్యపు గొప్ప ప్రయత్నాలు పై చదువుల వైపే సాగాయి. తెలుగు మాధ్యమంలో పై తరగతులు నడపదలచినవారికి ఆ విశ్వవిద్యాలయంలో చోటు దొరకలేదు. మాడపాటి హనుమంతరావు పూనికతో 1928లో ఏర్పడిన ఆంధ్ర బాలికల పాఠశాల గుర్తింపు కోసం దూరాన పూనాలో ఉన్న కార్వే మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించింది. శాఖ నీడ లేకుండా బడిని నిలబెట్టిన అటువంటి సంస్థలే హైదరాబాదు తెలుగువారికి పాఠశాల నిర్వహణలో నిజమైన శిక్షణాలయాలు అయ్యాయని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రావతరణ తర్వాత చాలాకాలం ప్రాథమిక బడి పెద్దరికం సర్వీసు సీనియారిటీని బట్టి వచ్చే హోదాగానే మిగిలింది. 1986 జాతీయ విద్యావిధానం ఫలితంగా ఏర్పడిన డైట్లు, అంటే జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, ముఖ్యంగా బోధన మీద దృష్టి నిలిపాయి. బ్రిటిష్ సహాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయ కేంద్రాలను నెలకొల్పి, చుట్టుపక్కల బడుల టీచర్లు ఒకచోట కూడి తమ పనిని తామే చర్చించుకునే వీలు కల్పించింది. తోటివారి నుంచి నేర్చుకునే వీధిబడి గుణం ఇక్కడ కొంత తిరిగి కనబడుతుంది.

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 150 మందికి మించి పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకే ప్రత్యేకంగా ప్రధానోపాధ్యాయుణ్ణి నిర్దేశించింది. అంతకంటె చిన్న బడిలో ఒక టీచరే ఇన్‌చార్జిగా తరగతినీ, మధ్యాహ్న భోజనాన్నీ, రిజిస్టర్లనూ కలిపి మోయవలసి వస్తుంది. 2012లో ఢిల్లీలో జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం ఏర్పడి, బోధనను మార్చడం, జట్టును నడపడం, తల్లిదండ్రులతో కలిసి పనిచేయడం పాఠ్యాంశాలుగా రూపొందించినా, అది ప్రధానంగా బాధ్యత మీద పడిన వారికి అందే శిక్షణ. ఎస్‌జీటీగా, అంటే సెకండరీ గ్రేడ్ టీచరుగా, తరగతిలో ఉన్నప్పుడే బడిని నడిపే పనిలో కొంత పంచి ఇచ్చే ఏర్పాటు ఛత్రినాక వంటి పేటల చిన్న బడులకు ఎక్కువ అవసరం. ఎందుకంటే అక్కడ రేపటి ఇన్‌చార్జి ఈ రోజు పక్క గదిలో పాఠం చెబుతున్న టీచరే.