మద్నూరు సీమలో హైస్కూలు విద్య: బోధనాభాష, పాఠ్యవిభాగములు, మార్కులు

మన సీమ చరిత్రమును వ్రాయబూనువారు కోటలను, దేవాలయములను, దానశాసనములను వర్ణింతురేగాని బడుల చరిత్రమును వ్రాయుట యరుదు. వ్రాసినను పిల్లవాడు ఏ భాషలో పాఠము విన్నాడు, ఏ విషయములను ఎవరి నిర్ణయముచే చదివినాడు, పరీక్షలో అతనికి మార్కులెట్లు వేయబడినవి అను సంగతులు అందు కానరావు. కాని యొక కుటుంబము పైకి వచ్చుటయో, ఉన్నచోటనే నిలిచిపోవుటయో పెక్కుమాఱులు ఈ చిన్న సంగతులవలననే నిర్ణయింపబడినది. కావున ఈ మహాసభా సంచికయందు మద్నూరు ప్రాంతపు హైస్కూలు విద్యాచరిత్రమును సంఘబంధువులకును, పోషక మహాశయులకును మనవి చేయదలచితిమి. విద్యార్థివేతనములకు ధనమిచ్చుచున్నవారు మీరు. ఆ ధనము దేనిని చూచి ఈయబడుచున్నదో మీరెఱుగుట యావశ్యకము.

మద్నూరు నేడు కామారెడ్డి జిల్లాలోని మండలము. సంగారెడ్డినుండి నాందేడు పోవు రాజమార్గము దీనిమీదుగా సాగి దెగ్లూరునొద్ద మహారాష్ట్రమున ప్రవేశించును. కన్నడ దేశమును దూరము కాదు. నల్లరేగడి నేల, ప్రత్తి పంట, మంజీరానది సామీప్యము, ఇవి యీ సీమ లక్షణములు. ఇచ్చటి యంగడిలో తెలుగు, మరాఠీ, కన్నడము, ఉర్దూ నాలుగును వినవచ్చును. ఒకే బేరములో మూడు భాషలు మాఱుట వింత కాదు. 1956 నవంబరు 1వ తేదీకి పూర్వము ఈ ప్రాంతపు బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు హైదరాబాదు రాష్ట్రమున నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలోనివి. ఆనాటి రాష్ట్ర పునర్విభజనముతో అవి ఆంధ్రప్రదేశమున చేరి నిజామాబాదు జిల్లా పాలయ్యెను. పిదప మద్నూరు పేరనే తాలూకా యేర్పడెను. 1985లో మండలములు వచ్చినవి, 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా వచ్చినది. ఊరు కదలకయే ఇన్ని సరిహద్దులు మాఱినవి. సరిహద్దు మాఱిన ప్రతిమాఱును బడిలోని పలకపై అక్షరము కూడ మాఱినది.

నిజాము రాజ్యమున 1884లో పారసీ స్థానమున ఉర్దూ రాజభాష యయ్యెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసి, ఉన్నతవిద్యనంతయు ఉర్దూలో బోధించుట కారంభించెను. ఒక దేశభాషలో శాస్త్రములన్నియు చెప్పుట ఘనకార్యమే. ఆ గ్రంథములను భాషాంతరీకరించుటకై 1917లోనే ప్రత్యేక కార్యాలయము నెలకొల్పిరి. కాని ప్రజలలో నధికసంఖ్యాకుల భాష అది కాదు. ఉస్మానియా మెట్రిక్యులేషన్ పరీక్షకు పోవువాడు గణితమును, చరిత్రమును, శాస్త్రమును ఉర్దూలో చదువవలెను, ఇంగ్లీషు తప్పదు, మాతృభాష యొక విషయముగా మాత్రము మిగులును. దీనికి ప్రక్కగా రెండవ త్రోవ యొకటి యుండెను. ఇంగ్లీషులో చదివి హైస్కూల్ లీవింగ్ సర్టిఫికెట్టు పరీక్షనిచ్చి, మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యుండిన నిజాం కళాశాలలో చేరుట. ఆ కళాశాల 1947లో ఉస్మానియాకు చెందువఱకు ఈ రెండు త్రోవలును వేర్వేఱుగ నడచినవి.

పాఠ్యవిభాగముల నెన్నుకొనుట యని నేడు మనమనునది ఆనాడు ఇంతే: ఉర్దూ త్రోవయా, ఇంగ్లీషు త్రోవయా? మద్నూరు ప్రాంతపు తెలుగు బాలునకు ఆ యెంపికయును పేరునకే. ఇంట తెలుగు, జిల్లా భాష మరాఠీ, పైచదువు ఉర్దూ, ఉద్యోగమునకు ఇంగ్లీషు. మూడు లిపులు నేర్చుకొనుసరికి నాలుగవది, అనగా తల్లి భాషది, చేజాఱిపోయెడిది. తెలుగు మాటాడుచు తెలుగు చదువలేని వృద్ధులు మన సరిహద్దు గ్రామములందు కానవచ్చుటకు ఇదియే కారణము గాని వారి నిర్లక్ష్యము కాదు.

ఈ యిబ్బందినెఱిగి 1921 నవంబరులో హైదరాబాదున ఆంధ్రజనసంఘము పుట్టినది. ఒక సంస్కారసభలో తెలుగున మాటాడబోయిన వక్తను సభ్యులు పరిహసించుట దానికి తక్షణకారణము. 1924లో ప్రభుత్వమువారు ఖాన్గీ పాఠశాలల నిబంధనలను ప్రకటించి, అనుమతిలేక ప్రైవేటు బడి పెట్టరాదనిరి. ఊరివారు పంతులును పిలిచి అరుగుమీద బడి పెట్టించుకొను స్వేచ్ఛయు దీనితో పోయెను. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జరిగిన ప్రథమాంధ్రమహాసభ మొదలు, 1937లో నిజామాబాదున మందుముల నరసింగరావుగారి యధ్యక్షతను జరిగిన ఆఱవ సభయు దాటి, మాతృభాషావిద్య ఆ మహాసభలకు ముఖ్యమగు కోరికగనే నిలిచినది.

ఇక్కడ ఒక బాలికా పాఠశాల కథను చెప్పకుండ ముందునకు పోజాలము. 1928లో మాడపాటి హనుమంతరావుగారు ప్రభృతులు హైదరాబాదు నారాయణగూడలో ఆంధ్రబాలికా పాఠశాలను స్థాపించిరి. బోధన తెలుగులో. పెద్దతరగతులు వచ్చుసరికి ప్రశ్న పుట్టినది: తెలుగున చదివిన బాలిక ఏ పరీక్షకు పోవలెను? ఇచ్చటి పరీక్షలు ఉర్దూలోనో, ఇంగ్లీషులోనో కలవు. అంతట వారు పూనాలో కార్వేపండితుడు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమును ఆశ్రయించి, దాని పరీక్షలకు బాలికలను పంపిరి. తెలుగు చదువునకు విలువకట్టు పరీక్ష తెలుగుదేశమున దొరకక మహారాష్ట్రమున దొరకెను! బడి పెట్టుట సగముపనియే యనియు, ఆ చదువును గుర్తించు పత్రమును సంపాదించుట తక్కిన సగమనియు ఆ పెద్దలు గ్రహించిరి. అదే కాలమున కులసంఘములును కదలినవి. 1918లో వేంకటరామారెడ్డిగారి కృషిచే ఏర్పడిన రెడ్డి హాస్టలు, తరువాతి వసతిగృహములు పల్లెబాలురకు అన్నమును, నీడను ఇచ్చి పరీక్షవఱకు నడిపించినవి. మన సంఘములు నేడు చేయు విద్యాదానమునకు మూలము అచ్చటనే కలదు.

మార్కుల సంగతికి వత్తము. మద్రాసు రాజధానిలో 1911 ప్రాంతమున పాత మెట్రిక్యులేషనునకు బదులు ఎస్.ఎస్.ఎల్.సి. అను పద్ధతి వచ్చెను. అందు విద్యార్థికొక పుస్తకము. సర్కారు పరీక్ష మార్కులతోపాటు బడిలో సంవత్సరము పొడుగున వచ్చిన మార్కులును అందెక్కించెడివారు. ఉపాధ్యాయుడు వేసిన మార్కును నమ్మవచ్చునా, నమ్మరాదా అను వివాదము ఆనాడే పుట్టినది. నూఱేండ్లు దాటినను అది తీఱలేదని ముందు చూడగలరు.

1948 పిమ్మట హైదరాబాదు పాఠశాలలందు మాతృభాషలకు స్థానము వచ్చినది. 1952లో భారతప్రభుత్వము మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారుగారి యధ్యక్షతను మాధ్యమికవిద్యా సంఘమును నియమించెను. 1953 నాటి వారి నివేదికలో రెండు మాటలు మనకు ముఖ్యములు. ఒకటి, హైస్కూలులోనే విద్యార్థి తన యభిరుచి ననుసరించి మానవశాస్త్రములు, విజ్ఞానము, సాంకేతికము, వాణిజ్యము, వ్యవసాయము, లలితకళలు, గృహవిజ్ఞానము అను ఏడు విభాగములలో నొకదానిని ఎన్నుకొనవలెను. రెండవది, అంకెలలో మార్కులు వేయుట మాని అక్షరములతో శ్రేణులు నిర్ణయింపవలెను. మొదటిదానికై బహుళార్థసాధక పాఠశాలలు కొన్ని పట్టణములందు వెలసినవి. ప్రత్తిపంట సీమయందు వ్యవసాయము హైస్కూలు విషయమైయుండిన ఎంత బాగుండెడిదో! ఆ యేర్పాటు పల్లెలకు చేరకమునుపే యంతరించెను. 1969-70లో రెండేండ్ల యింటర్మీడియెట్టు ప్రారంభమై, ఎంపికయంతయు పదవ తరగతి తరువాతికి జరిగినది. అంతవఱకు అందఱికిని ఒకే పాఠ్యక్రమము.

అందుచే పదవ తరగతివఱకు మిగిలిన ఎంపిక ప్రధానముగా భాషలది, బోధనామాధ్యమముది. ప్రథమభాష, ద్వితీయభాష, తృతీయభాష యని మూడు గళ్లు, మూడవదానిలో ఇంగ్లీషు. తెలుగు ప్రథమభాషగా గలవారికి రెండవది హిందీ. ఇతరప్రాంతములందు ఈ గళ్లను ఉపాధ్యాయుడే నింపును, తండ్రి సంతకము చేయును, అంతటితో సరి. మద్నూరు సీమలో నట్లు కాదు. మరాఠీ మాటాడు ఇంటి బిడ్డ మరాఠీ మాధ్యమమున చదివినచో పాఠము తేలికగా తెలియును. దెగ్లూరు, నాందేడు కళాశాలలు దగ్గఱ. కాని హైదరాబాదు ఉద్యోగపరీక్షలు దూరమగును. తెలుగు మాధ్యమమున చదివినచో నిది తాఱుమాఱు. పదునాలుగేండ్ల బిడ్డ యే రాష్ట్రమున బ్రదుకవలెనో ఆ గడియే నిర్ణయించుచున్నదనుట అతిశయోక్తి కాదు. 2018లో తెలంగాణ శాసనసభ చేసిన చట్టముచే అన్ని బడులందును తెలుగు నేర్పుట విధియయ్యెను. 2022-23నుండి సర్కారు బడులలో ఒకటవ తరగతినుండి ఎనిమిదవదాక ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఒకప్పుడు ఉర్దూ నిలిచిన చోట ఇప్పుడు ఇంగ్లీషు నిలిచినది. పైచదువు భాష ఇంటిభాష కాకుండుట మాత్రము మాఱలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున పదవ తరగతి పరీక్ష 600 మార్కులకు జరిగెడిది. ఆఱు విషయములు, పదునొకండు ప్రశ్నపత్రములు; ఉత్తీర్ణతకు 35 మార్కులు, హిందీకి మాత్రము 20; మొత్తమున 360 దాటిన ప్రథమశ్రేణి. "మా వాడు ఫస్టుక్లాసు" అను మాట ఈ యంకెనుండి వచ్చినదే. 2012లో మార్కులు మఱుగుపడి గ్రేడులు వచ్చినవి. అనగా మొదలియారుగారి రెండవమాట ఏబదితొమ్మిదేండ్లకు ఫలించినది. సాధారణముగా 91 మొదలు 100 వఱకు ఏ-1, దానికి పది పాయింట్లు; ఆపై పదేసి మార్కుల మెట్లు. పెక్కుమంది దీనిని మెచ్చిరి: ఒక్క మార్కు తేడాకై బిడ్డ కన్నీరు పెట్టుకొనుట తగ్గును. కాని 90 వచ్చినవానికి తొమ్మిది, 91 వచ్చినవానికి పది. 91కిని 100కిని భేదమే లేదు. కన్నీరు ఒక మెట్టునొద్దకు జరిగినదిగాని పోలేదు.

దీని ఫలము మనకు సమీపముననే కనబడినది. 1956లో మనతోపాటు నాందేడునుండి వచ్చిన ముథోలు ప్రాంతమున, బాసరలో, 2008నుండి రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము నడచుచున్నది. పదవ తరగతి గ్రేడులనుబట్టి పల్లెబిడ్డలను ఆఱేండ్ల చదువునకు చేర్చుకొనుచు వచ్చినది. సర్కారు బడి విద్యార్థికి 0.4 పాయింటు అదనముగ కలిపినది. సమానపాయింట్లు వచ్చినవారు పెక్కురైనందున గణితము, శాస్త్రము మొదలగువాని గ్రేడులను, తుదకు జన్మదినమును గూడ చూడవలసివచ్చినది. జన్మదినము ప్రతిభయగునా? గీటు ఎచ్చటనో గీయక తప్పనపుడు అట్టి నియమములు పుట్టును.

బడిమార్కుల కథ యింకను చిత్రము. 2014-15నుండి ప్రతి విషయమున 80 మార్కులు సర్కారు పరీక్షకు, 20 బడికి. ఆ యిరువదిలో తరగతిలో పాల్గొనుట, వ్రాతపని, ప్రాజెక్టు, చిన్నపరీక్ష అని నాలుగు భాగములు. నిజాయితీగ వేసిన ఈ మార్కులు మూడుగంటల పరీక్షకంటె బిడ్డను బాగుగ తెలుపును. ఉదారముగ అందఱికిని ఇరువది వేయు బడిలో అవి యేమియు తెలుపవు. మఱియు ప్రత్తి తీయు కాలమున బిడ్డ కూలికి పోయినచో, పాల్గొనుటకు మార్కు ఎక్కడిది? 2020లో మహమ్మారివలన మూడు పత్రములతోనే పరీక్షలు నిలిచిపోయి, ఈ బడిమార్కుల యాధారముననే సుమారు 5 లక్షల 34 వేలమందికి గ్రేడు లొసగిరి. 2021లోను పరీక్షలు లేవు. 2022నుండి పత్రములు ఆఱు. 2024 నవంబరులో ప్రభుత్వము గ్రేడులను మాని మార్కులనే యిత్తుమనియు, బడిమార్కులను తీసివైతుమనియు ప్రకటించి, వెంటనే ఆ వత్సరమునకు బడిమార్కులను నిలిపినది. 2025 నాటి పత్రములందు మార్కులు మరల అచ్చుపడినవి.

ఇక మన విద్యార్థివేతనముల మాట. 2011లో చదివినవాని పత్రమున 600కు మార్కులు. 2015 వానికి గ్రేడులు. 2020 దానికి బడిమార్కులమీది గ్రేడులు. 2025 వానికి మరల మార్కులు. వీనిని ఒకే పట్టికలో వరుసగా వ్రాసి పైవానికి బహుమానమిచ్చుట న్యాయము కాదు. ఏ సంవత్సరపు విద్యార్థులను ఆ సంవత్సరమువారితోనే పోల్చవలెనని మా యభిప్రాయము. పది పాయింట్లవా రిద్దఱున్నపుడు, ఇంటిలో తొలుత హైస్కూలు గడప దాటిన బిడ్డ ఎవరో విచారింపవలెను. దరఖాస్తులో "బోధనామాధ్యమము, ప్రథమభాష" అను గడులుంచి, మరాఠీ మాధ్యమముననుండి తెలుగునకో ఇంగ్లీషునకో మాఱిన బిడ్డకు ఆ మాఱిన యేడాది మార్కులు తగ్గినను వేతనము నిలుపరాదు. మఱియొకటి: బహుమానము ఫలితములు వచ్చిన పిదప ఇచ్చుచున్నాము, ఎంపిక అంతకుముందే జరిగిపోవుచున్నది. ఎమ్.పి.సి.యా, బై.పి.సి.యా, సి.ఇ.సి.యా, వృత్తివిద్యయా యని అడుగుటకు తల్లిదండ్రులకు తెలిసినవారు లేక, పొరుగువాని కొడుకు చేరిన దానిలోనే చేర్చుచున్నారు. ప్రతి సంవత్సరము జనవరిలో, పరీక్షరుసుము కట్టిన తరువాత, ప్రత్తి పని తగ్గుకాలమున, మద్నూరులో నొకదినము మన సంఘమున చదివి యుద్యోగములందున్నవారు కూర్చుండి తొమ్మిదవ, పదవ తరగతుల బిడ్డలకును, వారి తల్లులకును ఈ విభాగములను తెలుగునను, మరాఠీలోను వివరించు నేర్పాటు చేయుటకు రాకపోకల ఖర్చును, భోజనవ్యయమును తప్ప వేఱు ధనము పట్టదు. ఈ విషయమును మహాసభ విద్యావిషయక సమావేశమున చర్చకు పెట్టవలసినదిగ కార్యదర్శిగారిని కోరుచున్నాము.