600 సీసీ రేసులో 955 సీసీ బండి ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గుండా పోయే 16వ నంబరు జాతీయ రహదారి పక్కన నిలబడి, చప్పుడు విని 'అది 650' అని చెప్పేసే కుర్రాళ్ళు మన ప్రతి వీధిలోనూ ఉంటారు. అదే కుర్రాడిని 'మిడిల్‌వెయిట్ రేసులో ఏ బండ్లు పరుగెడతాయి?' అని అడగండి. 600 సీసీ అంటాడు. ఒకప్పుడు అది సరైన జవాబే. ఇప్పుడు కాదు.

ఈ తరగతిలో పెద్ద పోటీ సూపర్‌స్పోర్ట్ ప్రపంచ చాంపియన్‌షిప్. షోరూంలో అమ్మే మోడల్ బండ్లతోనే ఇందులో పరుగెత్తాలి. సొంతంగా తయారు చేసుకున్న బండి తెస్తానంటే కుదరదు. పాత నిబంధన ప్రకారం నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు 600 సీసీ వరకు, మూడు సిలిండర్లకు 675 వరకు, రెండు సిలిండర్లకు 750 వరకు అనుమతి. రెండు సిలిండర్ల బండికి ఎక్కువ సీసీ ఎందుకిచ్చారంటే, అదే సీసీని ఎక్కువ సిలిండర్లకు పంచితే పిస్టన్లు చిన్నవవుతాయి, ఇంజిన్ ఇంకా వేగంగా తిరుగుతుంది, హార్స్‌పవర్ ఎక్కువ వస్తుంది. సిలిండర్లు తక్కువున్న ఇంజిన్ అంత వేగంగా తిరగలేదు. ఆ లోటును సీసీతో పూడ్చారు.

తర్వాత చిక్కు వచ్చింది. కాలుష్య నిబంధనలు బిగిసేసరికి 600 సీసీ నాలుగు సిలిండర్ల బండ్లను కంపెనీలు తగ్గించేశాయి. యమహా ఆర్6 కూడా 2020 తర్వాత యూరప్‌లో రోడ్డు బండిగా ఆగిపోయింది. అమ్మకానికి కొత్త బండే లేకపోతే రేసు ఎవరితో? అందుకే 2022 నుంచి తలుపులు తెరిచారు. 955 సీసీ డుకాటి పనిగాలే వీ2, 765 సీసీ ట్రయంఫ్ స్ట్రీట్ ట్రిపుల్, ఎంవీ అగస్టా ఎఫ్3 800 లాంటివి పాత 600ల పక్కనే వరుసలో నిలబడ్డాయి.

మరి 955 గెలిచేయదా? అక్కడే కొత్త నిబంధనల కిటుకు ఉంది. ఇప్పుడు కొలత సీసీ కాదు, బండి చేసే పని. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఎంతవరకు తెరుచుకోవాలో, ఇంజిన్ ఎంత వేగం వరకు తిరగొచ్చో నిర్వాహకులే మోడల్‌ను బట్టి హద్దు పెడతారు. రైడర్ చెయ్యి పూర్తిగా తిప్పినా లోపల తలుపు పూర్తిగా తెరుచుకోకపోవచ్చు. 2022 టైటిల్ పాత ఆర్6దే. 2023లో డుకాటి మీద నికోలో బులేగా గెలిచాడు. 2025లో యమహా కొత్త మూడు సిలిండర్ల ఆర్9 మీద స్టెఫానో మాంజీ గెలిచాడు. ఎవరు ఓడినా 'మా బండిని కట్టేశారు' అనే గొడవ ఎప్పుడూ ఉంటుంది, అది వేరే సంగతి.

మోటో2ది వేరే దారి. 2010లో మొదలైనప్పుడు అందరికీ ఒకే హోండా 600 ఇంజిన్. 2019 నుంచి అందరికీ ట్రయంఫ్ 765 ఇంజిన్. చట్రం మాత్రం ఎవరిది వారిది, షోరూంలో దొరకదు. ఈ పోటీ 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌కు వచ్చింది. ఆ వారాంతంలో చెన్నై కుర్రాడు కేవై అహ్మద్‌కు వైల్డ్ కార్డ్ దక్కింది.

అహ్మద్ పెరిగింది పెద్ద ఇంజిన్ మీద కాదు, టీవీఎస్ రేసింగ్ చిన్న బండ్ల మీద. మన జాతీయ చాంపియన్‌షిప్‌లో తరగతులు 165 సీసీ, 301-400 సీసీ లాంటివి. ఆడపిల్లలకు విడిగా 165 సీసీ పోటీ కూడా నడిపారు. హోండా టాలెంట్ కప్‌లో టీనేజ్ పిల్లలు 250 సీసీ రేసు బండి నడిపారు. మన దేశంలో మిడిల్‌వెయిట్‌కు దగ్గరగా వచ్చేది రాయల్ ఎన్‌ఫీల్డ్ 650తో 2021లో మొదలైన కాంటినెంటల్ జీటీ కప్.

ఇక్కడ ఇంట్లోవాళ్ళు గమనించాల్సిన తేడా ఒకటుంది. రేసు ట్రాక్ పిల్లాడిని 165 దగ్గర మొదలుపెట్టిస్తుంది. రోడ్డు చట్టం అలా కాదు. 18 నిండి, గేరున్న బండి లైసెన్సు చేతికొస్తే 100 సీసీ అయినా 650 అయినా అదే కార్డు. 'అబ్బా, కొనిపెట్టు' అన్నప్పుడు ఆపేది చట్టం కాదు, అబ్బాయే ఆగాలి, లేదా అబ్బా ఆపాలి.

18 నిండని పిల్లాడు రోడ్డెక్కి నేరం చేసి దొరికితే మాత్రం 2019 సవరణ ప్రకారం బాధ్యత తల్లిదండ్రులది లేదా బండి యజమానిది: 25 వేల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. రోడ్డు మీద పందెం వేస్తే అది ఇంకో కేసు. కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడమూ తప్పే. రేసులో చెల్లే సైలెన్సర్ హైవే మీద చెల్లదు.

నిజంగా సరదా ఉన్న పిల్లాడికి కావలసింది ఎఫ్ఎంఎస్‌సీఐ పోటీ లైసెన్సు, తోలు సూటు, బూట్లు, గ్లౌజులు, మంచి హెల్మెట్. మన రెండు జిల్లాల్లో ట్రాక్ లేదు. ట్రాక్ కావాలంటే ఇరుంగట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది. విజయనగరంలోనో, ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లోనో చెన్నై రైలెక్కి దిగితే, అక్కడినుంచి బెంగళూరు రోడ్డు మీద శ్రీపెరుంబుదూరు వైపు వెళ్ళాలి.