అభ్యసన సిద్ధాంతాలలో బహుమతి: ముద్ర నుంచి సందేశం దాకా

ఉపోద్ఘాతం

తెలుగు రాష్ట్రాలలో ఉపాధ్యాయ అర్హత పరీక్షకు సిద్ధమయ్యేవారు అభ్యసన సిద్ధాంతాలను జంటలుగా గుర్తుపెట్టుకుంటారు: థారన్‌డైక్ అనగానే పిల్లి, పావ్‌లోవ్ అనగానే కుక్క, కోహ్లర్ అనగానే చింపాంజీ. పరీక్షకు ఈ పద్ధతి చాలవచ్చు. కాని ఒక సిద్ధాంతం ఉండగా మరొకటి ఎందుకు అవసరమైందో దీనివల్ల తెలియదు. బహుమతి అనే ఒక్క భావనను అనుసరించి చూస్తే ఆ చరిత్ర కొంత స్పష్టమవుతుంది. 1898 నుంచి 1973 వరకు మనోవిజ్ఞానంలో బహుమతికి మూడు అర్థాలు ఏర్పడ్డాయి. మొదట అది ప్రవర్తనపై పడే ముద్ర. తరువాత పరిసరాలను గురించిన సమాచారం. ఆపైన ఒక మనిషి మరొకరికి పంపే సందేశం. ఈ మార్పును పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బహుమతి – ముద్ర

1898లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేసిన డాక్టరేట్ పరిశోధనలో ఎడ్వర్డ్ థారన్‌డైక్ ఆకలిగొన్న పిల్లిని పజిల్ పెట్టెలో ఉంచి, ఆహారాన్ని బయట పెట్టాడు. పిల్లి గీరింది, కొరికింది, అటూ ఇటూ తిరిగింది. అనుకోకుండా మీట కదిలి తలుపు తెరుచుకుంది. ప్రయత్నాలు పెరిగినకొద్దీ బయటపడడానికి పట్టే సమయం మెల్లమెల్లగా తగ్గింది. ఆ తగ్గుదల క్రమంగా జరిగింది కనుక, పిల్లి ఆలోచించి ఉపాయం కనిపెట్టలేదనీ, తృప్తినిచ్చిన ప్రతిస్పందన ఆ సన్నివేశంతో ముడిపడిపోయిందనీ ఆయన నిర్ధారించాడు. ఇదే ఫలిత నియమం. ఈ నియమం ప్రకారం అభ్యసనానికి ఫలితమే కారణం. బహుమతి లేనిదే అభ్యసనం లేదు.

ఈ మార్గాన్నే విస్తరించిన బి.ఎఫ్. స్కిన్నర్ 1953లో తన కుమార్తె చదివే గణిత తరగతిని సందర్శించాడు. తమ జవాబు సరైనదో కాదో పిల్లలకు వెంటనే తెలియకపోవడం ఆయనకు లోపంగా కనిపించింది. ఆ లోపాన్ని పూరించేందుకు బోధన యంత్రాన్ని రూపొందించాడు.

బహుమతి – సమాచారం

అంతకు రెండు దశాబ్దాల ముందే ఫలిత నియమానికి గట్టి ప్రశ్న ఎదురైంది. 1930లో ఎడ్వర్డ్ టోల్మన్, సి.హెచ్. హాంజిక్ మూడు జట్ల ఎలుకలను చిక్కుదారిలో వదిలారు. ఒక జట్టుకు గమ్యంలో రోజూ ఆహారం దొరికింది. రెండో జట్టుకు ఎన్నడూ దొరకలేదు. మూడో జట్టుకు పదకొండో రోజున మొదటిసారి దొరికింది. ఆ మర్నాటికే మూడో జట్టు పొరపాట్లు ఒక్కసారిగా తగ్గి, రోజూ ఆహారం పొందిన జట్టుకు సాటి వచ్చింది. అంటే ఆహారం లేని పది రోజులలోనూ ఆ ఎలుకలు దారులు నేర్చుకుంటూనే ఉన్నాయి. ఆ నేర్పును చూపవలసిన అవసరమే వాటికి కలగలేదు. బహుమతి కొత్తగా నేర్పలేదు, గమ్యంలో ఏముందో తెలిపింది. నేర్చుకోవడం వేరు, నేర్చుకున్నది ప్రదర్శించడం వేరు అన్న ఈ విభజన అభ్యసనానికీ ప్రేరణకూ మధ్య గీత గీసింది.

బహుమతి – సందేశం

1950లో హారీ హార్లో బృందం మరొక విషయాన్ని చూపింది. ఆహారమేమీ ఇవ్వకపోయినా కోతులు యాంత్రిక పజిళ్లను రోజుల తరబడి విప్పుతూ వచ్చాయి. పనిలోనే ప్రేరణ ఉండవచ్చన్నమాట. మరి అటువంటి పనికి వెలకడితే ఏమవుతుంది? 1971లో ఎడ్వర్డ్ డెసీ ప్రచురించిన ప్రయోగంలో, పజిల్ పరిష్కారానికి డబ్బు పొందిన విద్యార్థులు డబ్బు ఆగిపోయాక విరామ సమయంలో దానిపై మునుపటికన్నా తక్కువసేపు గడిపారు.

1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ బొమ్మలు వేయడం ఇష్టపడే శిశువిద్యాలయ పిల్లలను ఎంచుకున్నారు. కొందరికి బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. మిగిలినవారికి ఇవ్వలేదు. తరువాత స్వేచ్ఛగా ఆడుకునే వేళ, ముందుగా మాట పుచ్చుకున్న పిల్లలు మిగతావారి కంటే సగం సమయమే బొమ్మలకు కేటాయించారు. చెప్పకుండా పత్రం పొందినవారిలో ఆ తగ్గుదల లేదు. పత్రం ఒక్కటే, అది పలికిన మాట వేరు. “నీవు బాగా చేశావు” అనేది ఒక మాట, “దీనికోసమే నీవు చేస్తున్నావు” అనేది మరొక మాట.

ముగింపు

ఈ నిర్ధారణ వివాదం లేకుండా నిలవలేదు. 1994లో జూడీ కామెరాన్, డేవిడ్ పియర్స్ దీనిని ప్రశ్నించారు. 1999లో డెసీ, కోస్ట్‌నర్, రయాన్ 128 ప్రయోగాలను సమీక్షించి, ముందుగా ప్రకటించిన వస్తురూప బహుమతులు ఆసక్తికరమైన పనులలో అంతర్గత ప్రేరణను తగ్గిస్తాయనీ, ఆసక్తి లేని పనులలో ఆ హాని కనిపించదనీ తేల్చారు. మాటల మెప్పు ఆసక్తిని పెంచగలదని కూడా చెప్పారు. అయితే ఆ మెప్పు అదుపుచేసే ధోరణిలో ఉండకూడదు.

కాబట్టి బహుమతి మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న అసంపూర్ణం. ఎక్కాలు వల్లించడానికి విసుగుపడే పిల్లవాడికి ఇచ్చే నక్షత్రమూ, కథల పుస్తకం వదలని పిల్లకు పేజీల లెక్కన ఇచ్చే నక్షత్రమూ ఒకే పని చేయవు. మొదటిది పనిలోకి దించవచ్చు. రెండవది కథకూ పిల్లకూ మధ్య అడ్డు నిలవవచ్చు. ఆ తేడా తెలియాలంటే ఉపాధ్యాయుడికి పిల్లి, ఎలుక, కోతి పేర్లు చాలవు; ఎదుట కూర్చున్న పిల్లకు ఏది ఇష్టమో తెలిసి ఉండాలి.