ప్రభుత్వ వెబ్‌సైట్లు: అంధులకు అందుబాటు

చూపు లేనివారు, చూపు మందగించినవారు ఇతరుల సాయం లేకుండా వాడుకునేలా ప్రభుత్వ వెబ్‌సైట్లను తీర్చిదిద్దడమే ఈ అందుబాటు. భారతదేశంలో దీనికి చట్టపరమైన ఆధారం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. ప్రభుత్వ వెబ్‌సైట్లకు కేంద్ర మార్గదర్శకాలు అంతకుముందే, 2009లో వెలువడ్డాయి. వాటి మూడో కూర్పు 2023లో వచ్చింది. ఆచరణే వెనకబడింది.

స్క్రీన్ రీడర్ తెరపై ఉన్న అక్షరాలను చదివి వినిపిస్తుంది. స్కాన్ చేసి పెట్టిన జీవో దానికి ఉత్త బొమ్మ. యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లతో చేసిన పీడీఎఫ్ అయితే అర్థంలేని అక్షరాలు వినిపిస్తాయి. టైపు చేసిన యూనికోడ్ ప్రతినే పెడితే ఈ రెండు చిక్కులూ చాలావరకు తీరుతాయి, దానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఫారమంతా నింపాక ఎదురయ్యే బొమ్మ క్యాప్చాకు తోడుగా వినికిడి క్యాప్చా కూడా ఉండాలి.

డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది.